కారైకుడి పాత సామాన్ల వీధిలో మన అక్షరాలు

మదురై చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళలో కారైకుడి మాటొస్తే వంట గురించి మాట్లాడుకుంటారు, లేకపోతే ఆత్తంగుడి నేలపలకల గురించి. ఆ ఊళ్ళోనే మునీశ్వరన్ కోవిల్ వీధి అని ఒకటుంది. పాత సామాన్లు కొనేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ బాగా తెలిసిన వీధి. పేరుకి అది చెట్టియార్ల ఇళ్ళ సామాను దొరికే చోటు. అయితే అక్కడి గుట్టల్లో తెలుగు అక్షరాలున్న వస్తువులు కూడా ఉన్నాయి. కొట్టువాళ్ళకి అవి చదవడం రాదు, కొనేవాళ్ళకీ రాదు. ఇప్పుడు మన పిల్లలకీ రాదు. ఈసారి ఆ అక్షరాల గురించి రాస్తున్నాం.

ముందు ఆ వీధి ఎట్లా పుట్టిందో చెప్పాలి. నాట్టుక్కోట్టై చెట్టియార్లు, అంటే నగరత్తార్లు, 19వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళ వెనకాలే సిలోన్, బర్మా, మలయా వెళ్ళి వడ్డీ వ్యాపారం చేసినారు. అందులో బర్మా ముఖ్యం. ఐరావతి డెల్టాలో అడవి కొట్టి వరి వేసిన రైతులకి అప్పిచ్చినవాళ్ళలో వీళ్ళే ముందు. 1930ల మాంద్యంలో వడ్ల ధర పడిపోయి రైతులు బాకీ కట్టలేకపోయినారు. ఆ దశాబ్దం చివరికి దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల్లో సాగుభూమి దాదాపు నాలుగో వంతు వీళ్ళ చేతికొచ్చింది. బయటి దేశాల డబ్బుతోనే ఈ మెట్ట నేలలో, 19వ శతాబ్దం నడిమి నుంచి 1940ల దాకా, కోటల్లాంటి ఇళ్ళు లేచినాయి. బర్మా టేకు స్తంభాలు, ఇటలీ చలవరాయి, బెల్జియం అద్దాలు, గుడ్డుసొన కలిపిన సున్నపు పూత. ఈ వీధిలో వాకిలి, వెనక వీధిలో పెరటి తలుపు, అంత పొడుగు ఇళ్ళు.

1942లో జపాన్ సైన్యం రంగూన్ పట్టుకుంది. 1960ల్లో నె విన్ ప్రభుత్వం వ్యాపారాలని జాతీయం చేసింది. అక్కడిదంతా పోయింది, ఇక్కడ ఇళ్ళు మిగిలినాయి. ఒక్కో ఇంటికి పదిమంది, ఇరవైమంది వారసులు. ఒకరు చెన్నైలో, ఒకరు సింగపూర్‌లో. కారే కప్పుకి డబ్బు పెట్టేదెవరు? పడగొట్టి అమ్ముకుని పంచుకోవడమే సులువని చాలామందికి తోచింది. తలుపులు, స్తంభాలు, గంగాళాలు, దేవుడి పటాలు, పిల్లల ఉయ్యాలలు, అన్నీ తూకానికో గుత్తకో కొట్లకి చేరినాయి. చెట్టినాడు ఊళ్ళని 2014లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చినారు. అప్పటికే ఎన్నో ఇళ్ళ తలుపులు బెంగళూరు హోటళ్ళలో బల్లలైపోయినాయి.

బర్మా మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకి పోతాం. చెట్టియార్లది పెట్టుబడి. రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్ళలో, మిల్లుల్లో పనిచేసినవాళ్ళలో పెద్ద భాగం తెలుగువాళ్ళు. బర్మావాళ్ళు వాళ్ళని కోరంగీలు అనేవాళ్ళు. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరే అది. 1930 మే నెలలో ఆ రేవులోనే తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ గొడవ రేగి మనవాళ్ళు చాలామంది చచ్చిపోయినారు. 1942లో కాలినడకన కొండలు దాటి వచ్చినవాళ్ళ చేతుల్లో సామానేమీ ఉండి ఉండదు. అందుకే చెట్టియార్ ఇంటి బర్మా లక్క పెట్టెలు, వెదురు అల్లిక మీద నల్లగా ఎర్రగా మెరిసేవి, కొట్టులో నేల నుంచి కప్పు దాకా పేర్చి ఉంటే మాకు ఆ ఓడ ఎక్కిన ఇంకొకరు గుర్తొచ్చినారు. యానాం, గంజాం వైపు మనవాళ్ళలో ఎవరింట్లోనైనా రంగూన్ పెట్టె ఒకటి మిగిలి ఉంటే దాన్ని దాచుకోండి. చెట్టియార్ పెట్టెలు వందలున్నాయి, కూలీవాడి పెట్టె అరుదు.

మేము ఐదుగురం వెళ్ళినాం. మాలో మా మేనత్త ఒకరు, ఎనభైకి దగ్గరపడినావిడ, పలక మీద తాత దగ్గర తెలుగు నేర్చుకున్న ఆఖరి మనిషి మా ఇంట్లో. కొట్టు ముందునుంచి చూస్తే చిన్నది. లోపలికి పోతే నాలుగు గదులు, పైన మిద్దె. నడవడానికి ఒక్క మనిషి దారి. స్వీడన్ కొకుమ్స్ ముద్ర ఉన్న ఎనామిల్ క్యారియర్లు, జపాన్ పింగాణీ, చెకోస్లొవేకియా గాజు. కోడిగుడ్డంత సున్నపు డబ్బీలు. చిలక ఆకారం అడకత్తెరలు. రైలు ప్రయాణానికి నీళ్ళు పోసుకునే మరచెంబులు. ఒక మూల రాతి తిరగళ్ళు, ఇంకో మూల తాళంచెవులు బస్తాడు. తాళాలు మాత్రం లేవు.

గోడలకి రవివర్మ పటాలు. 1894లో బొంబాయి ఘాట్‌కోపర్‌లో పెట్టిన ఆ అచ్చుయంత్రం తర్వాత లోనావాలా దగ్గర మాలవ్లీకి మారింది, అక్కడ జర్మన్ పనివాడు ష్లైకర్ దాన్ని కొనుక్కుని నడిపినాడు. చెట్టినాడు ఇళ్ళలో ఆడవాళ్ళు ఆ కాగితం లక్ష్మికి నిజం జరీ, చెమ్కీలు, గుడ్డ కుట్టి చీర కట్టేవాళ్ళు. పటం ఒక్కటే అచ్చులో వచ్చినా ఏ ఇంటి లక్ష్మి ఆ ఇంటిదే. అట్లాంటివి మూడు చూసినాం. ఒకదానికి అంచు చీర బదులు పిల్లల గౌను లేసు అతికించి ఉంది. మా అత్తకి అన్నిటికంటే నచ్చిందదే.

బొమ్మల కొలువుకి పెట్టే మరపాచి జంటలు ఒక పెట్టె నిండా ఉన్నాయి. కొట్టు పెద్దాయన వాటిని మంచి తమిళ వస్తువని చూపించినాడు. తమిళ వస్తువే, సందేహం లేదు. కానీ ఆ చెక్క ఎర్రచందనం. ఆ చెట్టు శేషాచలం, పాలకొండలు, నల్లమల దక్షిణపు కొసల వైపు తప్ప అడవిగా ఇంకెక్కడా పెద్దగా పెరగదు. తిరుపతి పోయినవాళ్ళు కొండకింద కొని తెచ్చేవాళ్ళు, కూతురికి పెళ్ళిలో ఇచ్చేవాళ్ళు. కొత్త బట్ట కట్టి ఏటేటా మెట్ల మీద మొదట నిలబెట్టేది వాటినే. తెలుగు నేల చెట్టు, తమిళ ఇంటి ఆచారం, రెండూ జానెడు బొమ్మలో ఉన్నాయి. వామనగుంటల పీటలు కూడా అంతే, వాళ్ళకి పల్లాంగుళి. గుంటలు పద్నాలుగే, గింజలు చింతగింజలే, పేరొక్కటే వేరు.

కొలతపాత్రల దగ్గర మాలో మాకు తగువు వచ్చింది. ఇత్తడి కట్టు వేసిన ఇనప గిన్నెలు చిన్నవి నుంచి పెద్దవి దాకా వరసగా ఉన్నాయి. మద్రాసు లెక్కలో 8 ఆళాక్కులు ఒక పడి, 8 పడులు ఒక మరక్కాలు. మా అవ్వ వాడిన లెక్క వేరే. 4 గిద్దెలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక, 4 మానికలు కుంచం. ఇంట్లో సోల, తవ్వ. అంగడికి పోతే ఆళాక్కు, పడి. రెండు లెక్కలూ ఒకే బుర్రలో నడిచేవి. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి, ఆ తర్వాత కొన్నేళ్ళలో లీటరు, కిలో కట్టుదిట్టమైనాక రెండూ అటకెక్కినాయి. గిన్నెల అంచుల మీద తనిఖీ అధికారి ఏటా కొట్టిన ముద్రలున్నాయి. అవి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. అడుగు తిప్పి చూడండి, పేర్లు అక్కడే ఉంటాయి.

పేర్ల దగ్గరికి పోయే ముందు నాణేలు. పెద్దాయన గల్లాపెట్టె పక్కన ఒక బిస్కెట్ డబ్బా నిండా చిన్నచిన్న రాగి బిళ్ళలు. చొక్కా బొత్తాం కంటే పెద్దవి కావు. ఒకవైపు కూచున్న అమ్మవారు, ఇంకోవైపు రెండు మూడు అక్షరాలు. "అమ్మన్ కాసు, పుదుక్కోట్టైది. వెనక రాసింది కన్నడమో, గ్రంథమో" అన్నాడు. మా అత్త కళ్ళజోడు సర్దుకుని చదివింది, "విజయ". తెలుగు.

ఇది మేము కనిపెట్టిందేమీ కాదు, నాణేలు సేకరించేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. అయినా చేతిలో పెట్టుకుని చదివితే వేరేగా ఉంటుంది. పుదుక్కోట్టై కారైకుడికి పక్క ఊరే. తొండైమాన్ రాజులు తెలుగువాళ్ళు కారు, కళ్ళర్లు. తిరుగోకర్ణం బృహదాంబ దాసులమని చెప్పుకున్నవాళ్ళు. వాళ్ళ పేర్లలో విజయ రఘునాథ అనే బిరుదు ఉంటుంది. తమిళ రాజు, తమిళ ప్రజ, అమ్మవారి బొమ్మ, ఆ వెనక తెలుగు మాట. నవరాత్రుల్లో పేదలకి బియ్యంతో పాటు ఈ కాసు పంచేవాళ్ళు. 1948లో సంస్థానం కలిసిపోయేదాకా ఆ ఊళ్ళో అందరి చేతుల్లోనూ తిరిగిన అక్షరాలవి.

ఎందుకు తెలుగు అంటే, అప్పటికి రెండు వందల ఏళ్ళుగా ఈ నేల మీద అధికారం తెలుగులో మాట్లాడింది. మదురై నాయకులు 1529 నుంచి 1736 దాకా, తంజావూరు నాయకులు 1532 నుంచి 1673 దాకా. నాయకుల తర్వాత తంజావూరు ఏలిన మరాఠాలు కూడా తెలుగు వదల్లేదు. శహాజీ మహారాజు తానే తెలుగులో యక్షగానాలు రాసినాడు. కొలువులో మర్యాద కావాలంటే తెలుగు, సంగీతం కావాలంటే తెలుగు. చిన్న సంస్థానాలు కూడా అదే పట్టుకున్నాయి. మనవాళ్ళు ఇక్కడ కూలీలుగా, నేతగాళ్ళుగా, రైతులుగా, సైనికులుగా, పూజారులుగా బతికినారు, అందరూ పాలెగాళ్ళు కారు. ఈ మాట ఎందుకంటే, నాయకుల పేరెత్తితే మనలో కొందరికి మీసం మీదికి చెయ్యి పోతుంది. నాణెం మీద అక్షరం రాజుది. చెంబు మీద అక్షరం మనది. మాకు రెండోదే ఎక్కువ.

ఇంగ్లీషు కంపెనీ కూడా ఆ వాడుకనే అనుసరించింది. 1807 ప్రాంతంలో చెన్నపట్నం టంకశాలలో కొట్టిన వెండి అర వరహా, పావు వరహా బిళ్ళల మీద ఒకవైపు చుక్కల మధ్య గుడి గోపురం, ఇంగ్లీషులో పారసీలో వెల. రెండోవైపు తామరపువ్వు లోంచి లేచే విష్ణువు, చుట్టూ తమిళంలో తెలుగులో వెల. పూవరహా అనేవాళ్ళు దాన్ని. ఒక వరహాకి 42 ఫణాలు, ఒక ఫణానికి 80 కాసులు. 1818లో రూపాయి లెక్క వచ్చేదాకా చెన్నపట్నంలో జీతాలు, పన్నులు ఇందులోనే. కొట్టులో ఒక పావు వరహా ఉంది, విష్ణువు ముఖం అరిగిపోయింది, అక్షరాలు సగం బతికున్నాయి. వెల మా చేతికి అందేది కాదు, చూసి ఇచ్చేసినాం. మీరు కొనాలనుకుంటే అంచు చూడండి. పోతపోసిన నకిలీలకి అంచు చుట్టూ సన్నని అతుకు గీత కనపడుతుంది, బరువూ తేడా ఉంటుంది. అదే డబ్బాలో కంపెనీ 10 కాసుల రాగి బిళ్ళలు కూడా ఉన్నాయి. 1808లో అవి ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర తయారై ఓడల్లో మద్రాసు వచ్చేవి. అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకుండానే గుడ్విన్ ఇసకతిప్పల మీద మునిగింది. 1980ల్లో ఈతగాళ్ళు లక్షల బిళ్ళలు పైకి తీసినారు. మన అంగళ్ళలో తిరగాల్సిన డబ్బు ఇప్పుడు లండన్ దుకాణాల్లో అమ్ముతున్నారు.

ఇక చెంబు.

మిద్దె మీద ఇత్తడి గది. అక్కడ కిటికీ పక్కన ఒక గంగాళం, ఒక బిందె, రెండు చెంబులు కలిపి తాడు కట్టి పెట్టి ఉన్నాయి. అరుప్పుకోట్టై వైపు ఒక ఇల్లు పంచుకున్నప్పుడు తూకానికి వచ్చిన సరుకని చెప్పినారు. చెంబు మెడ కింద చుక్కలు కనపడినాయి. అత్త చీర కొంగుతో తుడిచి, వెలుతురుకి తిప్పి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. మొదట ఇంటిపేరు, తర్వాత ఒక ఆడమనిషి పేరు, ఆ కింద "ప్రమాదీచ సం॥ వైగాసి ౧౫ సీరు".

ఆ ఒక్క వరస మీద మేము అరగంట నిలబడినాం. అక్షరాలు తెలుగు. అంకెలు కూడా తెలుగు, మాలో చిన్నవాళ్ళు వాటిని అంకెలనే అనుకోలేదు. సంవత్సరం పేరు అరవై ఏళ్ళ లెక్కది, అది తెలుగువాళ్ళకీ తమిళులకీ ఒకటే. కానీ నెల? వైశాఖం కాదు, వైగాసి. పక్షం, తిథి లేవు, తేదీ ఉంది. అంటే ఆ ఇంట్లో ఉగాది చాంద్రమానం పక్కకి జరిగి తమిళ సౌరమానం వచ్చేసింది. కూతురికి పెట్టిన సారెని సారె అనకుండా సీరు అన్నారు. ఇప్పుడు మన ఇళ్ళలోనూ అదే మాట కదా. ఈ నేలలో తెలుగువాళ్ళు ఎట్లా కలిసిపోయినారు అనేదానికి పెద్ద పుస్తకాలు ఉన్నాయి. మాకు ఆ చెంబు చాలనిపించింది. లిపి పుట్టింటిది, నెల మెట్టింటిది.

ఏ ఏడాది? ప్రమాదీచ 1913 ఉగాదికి వచ్చింది, మళ్ళీ 1973లో వచ్చింది. అరవై ఏళ్ళ లెక్కలో ఈ చిక్కు ఎప్పుడూ ఉంటుంది, వస్తువునే అడగాలి. 1973 నాటికి మా ప్రాంతంలో పెళ్ళి సామానంటే ఎవర్‌సిల్వరే. ఇత్తడి బిందెలు ఇచ్చి ఎవర్‌సిల్వర్ తెచ్చుకుంటున్న రోజులవి. తెలుగు అంకెలు కూడా అప్పటికి వాడుకలోంచి పోయినాయి. చెంబు అడుగు మందం, మూతి అంచు అరిగిన తీరు చూసినా పాతదే. 1913 వైగాసి అని మేము తేల్చుకున్నాం, అంటే మే ఆఖరు. ఆ పేరు, ఇంటిపేరు ఇక్కడ రాయడం లేదు. ఆ వంశంవాళ్ళు ఎక్కడో బాగానే ఉండి ఉంటారు, ఇల్లు పంచుకున్న సంగతి వాళ్ళ సొంత విషయం.

గంగాళం తిప్పి చూస్తే అదే ఇంటిపేరు ఉండాల్సిన చోట అద్దంలా మెరుస్తోంది. ఒక మూల "శ్రీ" లో సగం, పక్కన నాలుగు చుక్కలు. పెద్దాయన దాచుకోలేదు, మిషను పట్టించినామని చెప్పినాడు. కొనేది హోటళ్ళవాళ్ళు, బంగ్లాలవాళ్ళు. పూలు వేసి వాకిట్లో పెట్టుకుంటారు. ఎవరిదో పేరుంటే వాళ్ళకి నచ్చదు, "ఇది వాడిన సామాను" అనిపిస్తుందట. చెంబులు, బిందె ఆ వారం మిషనుకి పోవాల్సినవే. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. ఆయన కొట్టు లేకపోతే ఆ గంగాళం ఎప్పుడో కరిగి కుళాయి అయ్యేది. తెచ్చి అమ్మింది వారసులు, చదవకుండా అమ్మింది వారసులు.

పేరున్న చెంబు మేము కొన్నాం. వెయ్యి ఎనిమిది వందలు అడిగినాడు, పేరు చదివి వినిపించినందుకు మూడు వందలు తగ్గించినాడు. రెండో చెంబు మీద ఉన్న అక్షరాలు ఒక కాగితం మీద రాసి ఇమ్మన్నాడు, "ఇకమీద చీటీ కట్టి అమ్ముతా" అన్నాడు. మా అత్త తమిళంలో అర్థం కూడా రాసి ఇచ్చింది. బిందె సంగతి ఆయనకే వదిలేసినాం.

పాత్రల మీద పేర్లు కొట్టించడం గొప్ప కోసం మొదలైంది కాదు. మన కులాల పెళ్ళిళ్ళకి, గుడి ఉత్సవాలకి వీధిలో అందరి గంగాళాలూ ఒక్కచోట చేరేవి, తిరిగి పోయేటప్పుడు ఎవరిది వాళ్ళకి చేరాలి. కరువు వస్తే పాత్రలే తాకట్టుకి పోయేవి, విడిపించుకునేటప్పుడు గుర్తు కావాలి. అన్నదమ్ములు వేరుపడినప్పుడు కోడలి సారె సామాను పంపకంలోకి రాదు, అది ఆమెదని తేల్చేది ఆ పేరే. చాలా ఇళ్ళలో ఆడవాళ్ళ పేరు రాతలో కనపడే చోటు ఇదొక్కటే. పట్టాలో ఉండదు, ఓటు రాకముందు ఏ జాబితాలోనూ ఉండదు. చెంబు మీద ఉంటుంది. చెక్కేవాడు చిన్న ఉలి పట్టుకుని చుక్క పక్కన చుక్క కొట్టుకుంటూ పోతాడు, అందుకే గుండ్రటి తెలుగు అక్షరం అతనికి సులువు, తమిళ అక్షరం మూలల దగ్గర తిరగబడుతుంది. ఇది మా అత్త మాట.

ఇంటిపేరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తమిళనాట మనకి నాన్న పేరులో మొదటి అక్షరమే పేరు ముందు వస్తుంది. బడిలో, రేషన్ కార్డులో ఇంటిపేరుకి చోటు లేదు. పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు పెద్దవాళ్ళు చెబితే తెలియాలి, ఆ పెద్దవాళ్ళు పోతే అంతే. పాత్ర మీద మాత్రం మొదట ఇంటిపేరే కొట్టించేవాళ్ళు. అది మిషను పట్టిస్తే పోయేది మట్టి, మసి మాత్రమే కాదు.

చదవడం ఎప్పుడు పోయింది? మా లెక్కలో రెండు మెట్లు. 1956లో భాషా రాష్ట్రాలైనాక ఉద్యోగం, కోర్టు, పత్రాలు తమిళంలోకి వచ్చినాయి, తెలుగు బడులు తగ్గుతూ పోయినాయి. 2006లో తమిళం నేర్చుకునే చట్టం వచ్చింది, ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవడానికి మాకేమీ బాధ లేదు, మేము తమిళంలోనే నవ్వుతాం, తమిళంలోనే తిట్టుకుంటాం. తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్పించే పని మాత్రం మనదే మిగిలింది, చాలా ఇళ్ళలో అది జరగలేదు. కర్ణాటకలో మనవాళ్ళది కొంచెం నయం. కన్నడం చదివేవాళ్ళు కాస్త కష్టపడితే తెలుగు చెంబు చదివేస్తారు. మదురై పిల్లవాడికి ఆ వెసులుబాటు లేదు.

మదురైలోనే ఇంకో ఉదాహరణ ఉంది. మన పక్క వీధుల్లో ఉండే సౌరాష్ట్రుల ఇంటి భాష తెలుగు కాదు. అయినా త్యాగరాజస్వామి శిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ పరంపరలో వచ్చిన కీర్తనల రాతప్రతులు మదురై సౌరాష్ట్ర సభ దాచి ఉంచింది. కీర్తనలకి పాఠం చూడాల్సి వస్తే పరిశోధకులు అక్కడికి వస్తారు. తమ భాష కాని కాగితాలని వాళ్ళు తూకానికి వెయ్యలేదు.

ఇంట్లో పాత వస్తువులున్నవాళ్ళకి చట్టం సంగతి కొంచెం. 1972 పురావస్తువుల చట్టం 1976లో అమలుకొచ్చింది. వందేళ్ళు దాటిన వస్తువు, రాతప్రతి అయితే 75 ఏళ్ళు దాటింది, దేశం బయటికి పంపకూడదు. లైసెన్సు లేకుండా అట్లాంటి వ్యాపారం చెయ్యకూడదు. లోహపు, రాతి విగ్రహాలు, పాత చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు ఇంట్లో ఉంటే నమోదు చేయించుకోవాలి. కొట్లలో పంచలోహ విగ్రహం "పాతది, చవక" అని చూపిస్తే దూరంగా ఉండండి. పత్తూరు నటరాజు కథ తెలిసిందే. కుంభకోణం దగ్గర 1976లో పునాది తవ్వుతుంటే బయటపడి లండన్ దాకా పోయిన విగ్రహం, ఆ పాడుబడిన గుడి శివలింగమే అక్కడి కోర్టులో వాదిగా నిలబడి గెలిస్తే 1991లో తిరిగొచ్చింది. దేవుడు పై దేశం పోయి దావా వేయాల్సి వచ్చింది మరి.

తంజావూరు పటాలకి ఇంకో జాగ్రత్త. వాటిని వేసే చేతులు చాలాకాలం తంజావూరు, తిరుచ్చి రాజులవి, మదురై వైపు నాయుళ్ళవి, తెలుగు ఇళ్ళవే. పనస చెక్క మీద గుడ్డ అతికి, సుద్ద పూసి, ఉబ్బెత్తు కట్టి, బంగారు రేకు వేస్తారు. కొత్త పటానికి పొగ పట్టించి పాతదని అమ్మడం మామూలే. వెనక తిప్పి చూడండి, ప్లైవుడ్ అయితే తాతల కాలంది కాదు. నిజంగా పాతదైతే వెనక చెక్క మీద కొన్నిసార్లు పేరు, కూలి లెక్క కనపడతాయి. అది చెరపకండి.

ఇక మీ ఇంటి పాత్రలు. చింతపండుతో తోమే ముందు మెడ కింద, అడుగున, మూత లోపల చూడండి. చుక్కలు కనపడితే కొంచెం బియ్యప్పిండి అద్ది పైపైన తుడవండి, పిండి గుంటల్లో నిలిచి అక్షరం తెల్లగా లేస్తుంది. ఫోన్‌తో పక్క వెలుతురులో ఫోటో తీయండి. పైన పల్చటి కాగితం పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దినా చాలు. చదవడం రాకపోతే ఉన్నది ఉన్నట్టు దింపుకోండి, అక్షరాలో అంకెలో తర్వాత తేల్చుకోవచ్చు. సంవత్సరం పేరు ఉంటే నెల తెలుగుదా తమిళందా చూడండి. తాళపత్రాలు, దస్తావేజులు ఉంటే చెన్నైలో ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది, తంజావూరులో సరస్వతీ మహల్ ఉంది. చెంబులకి అట్లాంటి చోటు ఏదీ లేదు, ఇంటివాళ్ళే చూసుకోవాలి.

మేము ఇంటికొచ్చి అటక దించినాం. మూడు ఆదివారాలు పట్టింది. ఇప్పటికి 31 పాత్రల మీద పేర్లు రాసుకున్నాం. తొమ్మిది తెలుగులో, మిగతావి తమిళంలో. తెలుగువన్నీ 1940కి ముందువే అనిపిస్తోంది. మా ముత్తవ్వ పేరు మేము ఇన్నాళ్ళూ పలుకుతున్నట్టు కాక దీర్ఘంతో ఉంది. నాలుగు గిన్నెల మీద మాది కాని ఇంటిపేర్లు ఉన్నాయి, ఏ పెళ్ళికో మా ఇంటికి వచ్చి తిరిగి పోనివి. అందులో ఒక ఇంటిపేరువాళ్ళు తేనిలో ఉన్నారని అత్త చెప్పింది. పొంగల్ అయినాక పోయి ఇచ్చి వస్తాం.